అప్‌డేట్: అమ్మ మోకాలి ఇన్ఫెక్షన్

మోకీలు మార్పిడి చేసిన రెండేళ్లకు అమ్మ మోకాలు వాచింది, మొదటి డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలతో తగ్గుతుందా అని ఇంతకుముందు అడిగాను కదా. తగ్గలేదు. వైజాగ్‌లోనే రెండో డాక్టరుకు చూపించాం. ఆయన ముందుగా ఆ మాత్రలు రెండు వారాలు ఆపించి, కీలులోంచి నీరు తీసి కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు) పంపారు. మాత్రలు వాడుతుంటే క్రిమి బయటపడకపోవచ్చట. ఈ సంగతి మొదటాయన చెప్పనే లేదు!

స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా అని తేలింది. అది కృత్రిమ కీలు లోహం మీద జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది, మందు లోపలికి సరిగా అందదు. అందుకే ఆ కృత్రిమ కీలు తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ స్పేసర్ (కొత్త కీలు పెట్టేదాకా ఆ ఖాళీలో ఉంచే తాత్కాలిక దిమ్మ) పెట్టారు. ఆరు వారాల ఇంజెక్షన్లు నిన్నటితో అయిపోయాయి. సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఎంత ఉందో చూపే రక్తపరీక్ష) బాగా తగ్గింది. కొత్త కీలు ఎప్పుడో ఇంకా చెప్పలేదు.

అమ్మేమో సింహాచలం గిరి ప్రదక్షిణ చేయొచ్చా అని అడిగింది. దాదాపు 32 కిలోమీటర్లు! డాక్టరు నవ్వి ఊరుకున్నారు.