అప్‌డేట్: వాడిన పూలు తీసేశాక మా బంతి, గులాబీ ఎలా ఉన్నాయంటే

తిరుపతిలో మా మేడమీద కుండీల్లో పూత తగ్గిపోయింది, వాడిన పూలు చెట్టుకే ఉంచాలా, తీసేయాలా అని అడిగాను కదా. తీసేయమన్న అందరికీ థాంక్స్. పని చేసింది.

తేడా ముందు బంతిలోనే కనిపించింది. ఎండిన రేకులు లాగేస్తే చాలదు, గింజ తయారయ్యేది కింద ఉన్న పచ్చటి బుడిపెలో. దాన్ని కాడతో సహా గిల్లేస్తే గింజకు పోయే బలం కొత్త మొగ్గలకు పోతుంది. ఇప్పుడు పక్క కొమ్మలన్నీ మొగ్గలే. పూజకు రోజూ కోసే ఇళ్లలో చెట్లు అంత బాగా ఎందుకు పూస్తాయో కూడా అర్థమైంది!

గులాబీకి ఒక అక్క చెప్పినట్టే చేశాను: వాడిన పువ్వు కింద ఐదు చిన్నాకులున్న ఆకు చూసుకుని, బయటివైపు తిరిగిన కణుపుకు కాస్త పైన ఏటవాలుగా కోత. కత్తెర ముందే స్పిరిట్‌తో తుడిచాను. మన ఎండలకు ఆకులు ఎక్కువ పోకూడదని లోతుగా కోయలేదు.

మందారం గురించి టెన్షన్ అక్కర్లేదు, అదే రాల్చుకుంటుంది. కనకాంబరానికి పూత అయిపోయిన కంకి తీసేస్తున్నాను.

"గింజలకు కొన్నైనా ఉంచబ్బా" అంటోంది అమ్మ. నిజమే, మంచి బంతిపూలు కొన్ని చెట్టుకే వదిలాను. గోడ నీడలో ఉన్న గులాబీ ఒక్కటే ఇంకా మొండికేసింది. దాన్ని ఎండలోకి జరిపాను, చూడాలి.