పాత క్యాసెట్‌లో తాత పాడిన తత్వం, మాటలు వినపడట్లేదు

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఊళ్ళో ఎవరు పోయినా మా తాత ఆ రాత్రి తంబూరా పట్టుకుని తెల్లార్లూ తత్వాలు పాడేవాడు, ఆయన పోయినప్పుడు మాత్రం పాడ్డానికి ఎవరూ లేరు. 1994లో రికార్డ్ చేసిన సీ-90 క్యాసెట్ దొరికింది, వచ్చే నెల సంవత్సరీకానికి వినిపిద్దామని నాన్న ఆశ.

ఏ సైడు 45 నిమిషాలూ బానే ఉంది. బి సైడులో 12వ నిమిషం నుంచి గొంతుకి దుప్పటి కప్పినట్టు అయిపోతోంది, చిడతలు అసలు లేవు, తంబూరా ఒక్కటే గుయ్యిమంటోంది, వెనకాల ఏ సైడు పాట తిరగేసి సన్నగా వస్తోంది. సరిగ్గా తొమ్మిది వాకిళ్ల ఇల్లు ఖాళీ చేసే తత్వం దగ్గరే! చావంటే ఏంటో నాకు కాస్తయినా తెలిసింది ఆ పాట వల్లే.

హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచా, పెన్సిల్ పెట్టి టేపంతా చుట్టి మళ్ళీ చుట్టా, బరంపురంలో ఒకాయన అజిముత్ స్క్రూ (హెడ్ వాలు సరిచేసేది) తిప్పితే ఏ సైడు కూడా చెడింది, మళ్ళీ ఎప్పట్లా పెట్టించా. వేరే డెక్‌లో వేసినా అదే చోట అంతే. కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రెబుల్ పెంచితే ఇసక రాలినట్టు హిస్సే పెరిగింది. అక్కడ టేపు అంచు కొంచెం ముడతపడి ఉంది, టేపుని హెడ్‌కి నొక్కి పట్టే ప్రెషర్ ప్యాడ్ కూడా అరిగింది.

టేపుని వేరే మంచి షెల్‌లోకి (క్యాసెట్ ప్లాస్టిక్ డొప్ప), కొత్త ప్యాడ్ ఉన్నదాంట్లోకి మారిస్తే ఆ మాటలు తిరిగి వినపడతాయా?