అద్దె క్యాంపులో మద్యం వద్దన్నారు: పాటిద్దామా, చూసీచూడనట్టు పోదామా?

గుడారం:
మాది అమెరికాలో ఒక చిన్న రీఎనాక్ట్‌మెంట్ గ్రూపు. 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పుట్టిన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం, అదే ఎస్‌సీఏ, కింద నడుస్తుంది. యూరప్ మధ్యయుగాల నాటి దుస్తులు, వంటలు, కవచాలు తొడుక్కుని చేసే పోరాటాలు, ఇలా ఆ కాలాన్ని మళ్లీ కళ్లకు కట్టడం మా వ్యాపకం. వారాంతపు ఈవెంట్‌కి ఒక స్కౌట్ క్యాంపు అద్దెకు దొరికింది. పెద్ద హాలు, వంటగది, వేడినీళ్లు, అన్నీ కుదిరాయి. ఆవరణలో ఎక్కడా మద్యం ఉండకూడదని మాత్రం ఒప్పందంలో ఉంది. "రాత్రిపూట టెంట్లలో ఎవరు తాగితే ఎవరు చూడొచ్చారు, ప్రకటనలో ఆ ఊసెత్తకపోతే సరి" అని కమిటీలో సగం మంది అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

తేనెపట్టు:
నేను మీడ్ చేస్తాను. తేనెలో నీళ్లు కలిపి పులియబెట్టే మద్యం అది. కుట్టుపని, కమ్మరం ఎలాగో మనవాళ్లలో ఇదీ ఒక విద్య. నెలల తరబడి సీసాలో మాగనిచ్చినదాన్ని రుచి చూసి, ఇక్కడ పులుపు ఎక్కువైంది, అక్కడ తేనె తగ్గిందని చెప్పగలిగేవాళ్లు ఈవెంట్లలోనే కలుస్తారు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా వైన్ చేసుకోవచ్చని ఫెడరల్ చట్టమే చెబుతోంది. మీడ్ కూడా అందులోకే వస్తుంది, అమ్మకూడదు అంతే. 21 ఏళ్లు నిండినవాళ్లు నెగడు పక్కన కూర్చుని ఒక గ్లాసు తాగితే ఎవరికి నష్టం? ఎస్‌సీఏ పెద్ద ఈవెంట్ పెన్సిక్‌లో వేలమంది ఉంటారు, అక్కడ తాగుతూనే ఉన్నారు కదా.

డాలు:
అసలు ఆ కాలంలో నీళ్లు ఎవరు తాగారండీ? నీళ్లు తాగితే రోగాలొస్తాయని అందరూ ఏల్, అంటే ఒక రకం బార్లీ బీరు, తాగేవాళ్లు. మందు లేని మధ్యయుగం ఉత్త నాటకం.

సంతకందారు:
తేనెపట్టు గారూ, పెన్సిక్ సంగతి వేరు. 1972లో మొదలైన ఆ ఈవెంట్ ఇప్పుడు పెన్సిల్వేనియాలో ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో జరుగుతోంది. అదే పెన్సిల్వేనియాలో స్టేట్ పార్కులకు వెళ్తే సాధారణంగా మద్యం నిషేధం. రాష్ట్రం ఒకటే అయినా, స్థలం ఎవరిదన్నదాన్ని బట్టి రూలు మారింది. స్కౌట్ సంస్థ భద్రతా నియమాలైతే తమ స్థలాల్లో మద్యం కూడదని సూటిగా చెబుతాయి. అద్దెకొచ్చిన మన కోసం అక్కడి రేంజర్, అంటే క్యాంపును చూసుకునే ఉద్యోగి, మినహాయింపు ఇవ్వలేడు. ఆయన చూసీచూడనట్టు పోతాడని మనం అనుకుంటే, ఆయన ఉద్యోగంతో ఆడుకుంటున్నట్టే.

గుడారం గారి కమిటీ చెప్పేదాన్ని మనవాళ్లు 'డిస్క్రీట్లీ వెట్' అంటారు. సీసాలు, డబ్బాలు బయట కనపడనీయకుండా మగ్గుల్లో పోసుకోండని. యజమాని సరేనన్న చోట అది మర్యాదే. వద్దన్న చోట అదే పని చేస్తే మాట తప్పడం. నేను చాలా ఈవెంట్లకు ఒప్పందాల మీద సంతకం పెట్టాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా.

ఆదివారం మధ్యాహ్నం తాళాలు అప్పజెప్పేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. రేంజర్ చేతిలో లిస్టుతో మన వెంట తిరుగుతాడు. మంచాల కింద చూస్తాడు, చెత్త డబ్బాల మూతలు తీస్తాడు, నెగడు గుంట దగ్గర ఆగి కర్రతో బూడిద కెలుకుతాడు. మసిబారిన బీరు మూతలు, వేడికి పగిలిన గాజు పెంకులు పైకొస్తాయి. ఆ మర్నాడే అదే గుంట చుట్టూ పిల్లలు కూర్చోబోతున్నారు. డిపాజిట్ పోతే చందాలేసుకుని కట్టొచ్చు. ఇంతమంది పడుకునే చోటు, ఇంతమందికి వండే వంటగది, కవచాలతో పోరాడే మైదానం ఒకేచోట ఉన్న స్థలం పోతే ఎక్కడ వెతకాలి? క్యాంపుల వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని కూడా మరవకండి.

ఇంకొకటి. చీకట్లో ఎవరో టెంటు తాడు తగిలి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఇన్సూరెన్స్ వాళ్లు, లాయర్లు ముందు తీసేది ఆ ఒప్పందాన్నే. దాని కింద సంతకం ఉన్న మనిషికి ఎంత టెన్షనో టెంట్లో తాగినవాళ్లకు తెలియదు. ఎస్‌సీఏ కూడా సంస్థ డబ్బుతో తాగడానికి మద్యం కొననివ్వదు. ఈ బాధ్యత ఎంత బరువైందో వాళ్లకు తెలుసు.

పాతకాగితాలు:
డాలు గారూ, ఆ కాలంలో నీళ్లు తాగలేదన్నది అపోహ. లండన్‌లో 13వ శతాబ్దంలోనే టైబర్న్ ఊటల నుంచి సీసపు గొట్టాలతో నగరం మధ్యలోకి నీళ్లు తెచ్చారు, ఎందుకంటే జనానికి మంచినీళ్లు కావాలి. ఏల్ బాగా తాగేవాళ్లు, నిజమే. కానీ అదే శతాబ్దంలో ఇంగ్లండ్ శాసనం ఏల్ ధరను, నాణ్యతను కట్టడి చేసింది. ఏల్ రుచి చూసి తనిఖీ చేసే అధికారులు ఉండేవాళ్లు, తప్పు చేస్తే జరిమానా. మధ్యయుగమంటే అడ్డూఅదుపూ లేని తాగుడని ఎవరు చెప్పారు? విందులో సికంజబీన్ పెట్టండి. పర్షియా నుంచి అరబ్బుల వంటల్లోకి వచ్చిన పానీయం అది. తేనె, వెనిగర్, పుదీనాతో పాకం పట్టి చల్లని నీళ్లలో కలుపుతారు. కవచం విప్పిన మనిషికి అంతకంటే హాయైనది లేదు.

తేనెపట్టు:
స్కౌట్ క్యాంపు విషయంలో ఒప్పుకుంటున్నా, అక్కడికి నేను ఒక్క సీసా కూడా తీసుకురాను. నా బాధ ఇంకోటి. అద్దె తక్కువని ప్రతిసారీ డ్రై సైట్లే, అంటే మద్యం కూడని స్థలాలే, ఎంచుకుంటూ పోతే మా విద్య చూపించుకోవడానికి చోటే ఉండదు. ఏడాదిలో ఒక్క ఈవెంట్ అయినా యజమాని రాతపూర్వకంగా సరేనన్న ప్రైవేటు స్థలంలో పెట్టండి, అద్దె ఎక్కువైనా సరే.

సంతకందారు:
అది న్యాయమైన కోరిక. నా ఓటు మీకే.

గుడారం:
డ్రై అనే ప్రకటనలో పెడదాం. అయినా ఎవరైనా తెచ్చేస్తే? కారు డిక్కీలో ఉంచుకోమంటే సరిపోతుందా?

సంతకందారు:
కారు పార్కింగ్‌లో ఉన్నా ఆవరణలో ఉన్నట్టే. గేటు దగ్గరే అడగండి, ఉంటే బయటికి తీసుకెళ్లి పెట్టి రమ్మనండి. రాత్రి దొరికితే మాత్రం తాగినవాడి చేతికి తాళాలివ్వకండి, తాగని మనిషే ఆ సీసాను బయటికి చేర్చాలి. ఈ పని ఎవరిదో శుక్రవారానికి ముందే పేరు రాసి పెట్టుకోండి.

గుడారం:
గేటు దగ్గర నేనే కూర్చుంటాను. ప్రకటన ముసాయిదా రేపు ఇక్కడే పెడతా, లొసుగులుంటే చెప్పండి.