ఇరుసునఁ గందెన: "బెట్టక"యా, "వెట్టక"యా?

ప్రశ్న, హనుమకొండ నుంచి: సుమతీ శతకంలోని కరణాల పద్యం మూడో పాదం నాకు "వెట్టక" అని గుర్తుంది, ఇంట్లో అందరూ "బెట్టక" అంటున్నారు: "ఇరుసునఁ గందెన బెట్టక పరమేశ్వరు బండియైనఁ బాఱదు సుమతీ", అంటే ఇరుసుకు కందెన పెట్టకపోతే శివుడి బండైనా కదలదని. కారుకు అల్లాయ్ చక్రాలూ, వాటి వెనుక 5 మిల్లీమీటర్ల స్పేసర్లూ (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) వేయించినప్పుడు, బిగించినాయన ఈ పాదమే చదువుతూ స్పేసర్ల రెండు ముఖాలకూ, స్టడ్ల (నట్లు ఎక్కే బోల్టుల) మరలకూ నిండుగా గ్రీజు పూశాడు. 60 కిలోమీటర్లు తిరగకముందే ఎడమ ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది. దిగి చూస్తే రెండు నట్లు చేతితోనే తిరిగాయి. అసలు పాఠం ఏది, కందెన ఎక్కడ పెట్టాలి?

గుంటూరు నుంచి: "బెట్టక" అన్నదే సరి. "కందెనన్" అనే ద్వితీయ చివరి నకారం, అంటే ద్రుతం వల్ల పకారం బకారమైంది. ఆ ద్రుతాన్ని చూపే అరసున్న అచ్చులో రాలిపోవడంతో మీకు సందేహం కలిగింది.

తెనాలి నుంచి: అంత తేల్చి చెప్పలేమండీ. జడవాచకానికి ద్వితీయ బదులు ప్రథమ రావడం మనకు మామూలే, ప్రథమ మీద పకారం వకారమవుతుంది కనుక "వెట్టక" కూడా నిర్దోషమే. మాత్రలు సమానం కాబట్టి కందం ఈ తగవు తీర్చదు. నా దృష్టిలో కీలకం "ఇరుసున" అన్న సప్తమి, అంటే కందెన ఎక్కడ పెట్టాలో చెప్పే మాట. మా తాతగారు గడ్డి మసిని ఆముదంలో కలిపి, కడాణి (చక్రం జారకుండా ఇరుసు కొనకు దిగగొట్టే చీల) ఊడదీసి, చక్రాన్ని జానెడు బయటికి లాగి, చక్రం నడిమి కుండలో తిరిగే మేరకే ఇరుసుకు పూసేవారు; మరెక్కడా చుక్క పడనిచ్చేవారు కాదు.

విశాఖపట్నం నుంచి: తెనాలివారి మాట కారుకూ వర్తిస్తుంది. తిరిగేది బేరింగు, దాని కందెన దానిలోనే ఉంటుంది. హబ్బు (చక్రం బిగించే నడిమి భాగం), స్పేసరు, చక్రం ఒకే ముద్దగా బిగిసి, ముఖాల మధ్య రాపిడితోనే బరువు మోస్తాయి కాబట్టి అవి శుభ్రంగా, పొడిగా ఉండాలి. మరలకు గ్రీజు పూస్తే, నట్టు తిప్పే బలంగా చెప్పిన టార్క్‌కే స్టడ్డు అతిగా సాగుతుంది. స్పేసరు మందం మేరకు నట్టు పట్టు తగ్గుతుంది కనుక, కనీసం స్టడ్డు వ్యాసమంత మర నట్టులోకి దిగకపోతే పొడవైన స్టడ్లు వేయించండి. హబ్బు నడిమి అంచు వ్యాసం 54.1, చక్రం రంధ్రం 73.1 మిల్లీమీటర్లు అయితే, ఆ సందు నింపి చక్రాన్ని నడిమికి తెచ్చే సెంట్రింగ్ రింగు తప్పదు. స్పేసరు ఆ అంచును మింగేస్తే రింగుకు ఆధారమే ఉండదు. బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లలోపు టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. ఈసారి సరిగ్గా బిగించేవరకు ఆ కారు తీయకండి.

గుంటూరు నుంచి: ఇరుసు సంగతి ఒప్పుకుంటాను. అయితే పరమేశ్వరునికి వాహనం ఎద్దు కదా, బండి ఎక్కడిది? త్రిపుర సంహారంలో భూమి రథమై, సూర్యచంద్రులు చక్రాలైన ఘట్టాన్నే కవి తలచాడని నా నమ్మకం. అంతటి రథానికీ కందెన కావాలనడంలోనే పద్యం బలముంది.

తెనాలి నుంచి: ఎద్దు ఉన్నవాడికి బండి ఉండదా? ఊరి భాషలో చెప్పిన మాటను పురాణానికి ఎత్తనక్కరలేదు.

హనుమకొండ నుంచి: నట్లన్నీ విప్పించి, ముఖాలు తుడిపించి, స్పేసర్లు తీయించేశాను. "వెట్టక" పాఠం ఏ పాత ప్రతిలోనైనా కనిపిస్తే, దయచేసి ఆ పుట చిత్రం పెట్టండి.