కారవాన్ ట్రిప్ ఆఖరి రోజు మీరెలా గడుపుతారు? చలికాలానికి ఎలా మూసేస్తారు?

రీడింగ్_తెనాలి:
అందరికీ నమస్తే. అక్టోబర్ బడి సెలవులు, హాఫ్ టర్మ్‌కి వేల్స్‌లో టెన్బీకి కారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) తీసుకుని వెళ్ళి నిన్న రాత్రే వచ్చాం, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మా నాన్న. వాళ్ళ విజిటర్ వీసా ఆరు నెలలు అయిపోవస్తోంది, వచ్చే వారం తెనాలి వెళ్ళిపోతున్నారు, కాబట్టి వాళ్ళతో ఇప్పట్లో ఇదే ఆఖరి ట్రిప్పు. నాలుగు రోజులూ చాలా బాగా గడిచాయి గానీ ఆఖరి రోజు మాత్రం ఎప్పట్లాగే గందరగోళం అయిపోయింది. మధ్యాహ్నం 12 లోపు పిచ్ (సైట్లో మన కారవాన్ నిలిపే చోటు) ఖాళీ చెయ్యాలి, రాత్రంతా వాన, ఆనింగ్ (కారవాన్ పక్కన కట్టే గుడ్డ పందిరి) తడిసి ముద్దయ్యింది, ఒకపక్క టాయిలెట్ క్యాసెట్ (కింద మురికి చేరే డబ్బా) ఖాళీ చెయ్యాలి, ఇంకోపక్క పిల్లలు ఒక్కసారి బీచ్‌కి వెళ్ళొద్దామని ఏడుపు, నేను గట్టిగా అరిచేశాను. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఆనింగ్ ఒక చివర తను పట్టుకుని రెండో చివర నాన్నకి ఇచ్చి, ఇంట్లో దుప్పటి మడతపెట్టినట్టే ఇద్దరూ దగ్గరికొస్తూ దూరం జరుగుతూ ఆ తడిదాన్ని చక్కగా మడిచేశారు. నాన్నైతే కార్నర్ స్టెడీలు (కారవాన్ నాలుగు మూలలా ఆనించే కాళ్ళు) ఎత్తే హ్యాండిల్ నా చేతిలోంచి తీసుకుని, పొలంలో ఆయిల్ ఇంజన్ తిప్పినట్టు నాలుగూ తనే తిప్పేశారు. అరిచినందుకు ఇప్పటికీ మనసు బాలేదు.

మీరు ఆఖరి రోజు ఎలా ప్లాన్ చేసుకుంటారు? ఇంకోటి, మార్చి దాకా కారవాన్ మా ఇంటి ముందు డ్రైవ్‌లోనే ఉంటుంది. పోయిన ఏడాది అలాగే వదిలేస్తే కుషన్ల కింద బూజు పట్టింది, తలుపు తియ్యగానే పాత పోపు వాసన. ఈసారి అలా కాకుండా ఏం చెయ్యాలి?

కార్డిఫ్_గోదారి:
బ్రదర్, మేం కూడా ఇలా చాలాసార్లు ఇబ్బంది పడ్డాం. మాకు పనికొచ్చింది ఏంటంటే సర్దడమంతా ముందు రోజు సాయంత్రమే. వాన వచ్చేలా ఉంటే ఆనింగ్ పొడిగా ఉన్నప్పుడే దించెయ్యడం, క్యాసెట్, మురికినీళ్ళ డబ్బా రాత్రే ఖాళీ చెయ్యడం, పొద్దున పొయ్యి వెలిగించకుండా రాత్రి కలిపిన పులిహోరతో సరిపెట్టడం. ఎనిమిదింటికల్లా పెద్దవాళ్ళు, పిల్లలు బీచ్‌కి, మేమిద్దరం కారవాన్ దగ్గర. గ్యాస్ సిలిండర్ దగ్గరే ఆపెయ్యడం, పైకప్పు కిటికీలు మూసారా, జాకీ వీల్ (ముందుండే చిన్న చక్రం) ఎత్తారా, బ్రేక్‌అవే కేబుల్ (కారవాన్ ఊడితే దాని బ్రేకులు వేసేది) తగిలించారా, 13 పిన్ ప్లగ్ పెట్టి లైట్లన్నీ వెలుగుతున్నాయా, ఒకళ్ళు చదువుతుంటే ఇంకొకళ్ళు చెయ్యి పెట్టి చూడాలి. ఏడుస్తున్న పిల్లల మధ్య ఈ పని మాత్రం అస్సలు చెయ్యకండి, ఒకసారి నేను ఒక స్టెడీ దింపే ఉంచి కదిలించబోయాను.

ఇంకా ఇంటికి టైముకి చేరాలన్న తొందర పెట్టుకోవద్దు. మోటర్‌వే మీద కారవాన్ లాగే మనకి గంటకి 60 మైళ్ళే లిమిట్, మూడు లేన్లు ఉన్నచోట కుడి చివరి లేన్‌లోకి వెళ్ళకూడదు, పైగా న్యూపోర్ట్ దగ్గర బ్రింగ్లాస్ టన్నెల్స్ ముందు సెలవుల చివర ట్రాఫిక్ ఆగిపోతుంది.

లీడ్స్_అక్క:
చలికాలం సంగతి నేను చెప్తాను. అన్నిటికన్నా ముఖ్యం నీళ్ళు. వాటర్ హీటర్లో, పైపుల్లో నీళ్ళు మిగిలితే గడ్డకట్టి పగిలిపోతాయి, మాకు ఒక ట్యాప్ అలాగే పోయింది. పంపు ఆపేసి, డ్రెయిన్ వాల్వులు (నీళ్ళు బయటికి వదిలేవి) తెరిచి, ట్యాపుల లివర్ వేడి నీళ్ళకీ చల్లటి నీళ్ళకీ మధ్యలో పెట్టి తెరిచే ఉంచండి, షవర్ గొట్టం కిందికి దించి అందులోవి కూడా కారనివ్వండి. క్యాసెట్ కడిగి ఆరబెట్టి దాని బ్లేడు (జరిగే మూత) కొంచెం తెరిచి పెట్టాలి, లేకపోతే రబ్బరు అంటుకుపోతుంది.

బూజుకి కారణం గాలి ఆడకపోవడం. కుషన్లు గోడకి ఆనించకుండా నిలబెట్టండి, అల్మారాలు, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచండి, వెంట్లు (గాలి ఆడే కన్నాలు) మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మూయొద్దు. పోపు వాసన కర్టెన్లలో, కుషన్ కవర్లలో ఉంటుంది, ఉతకాల్సిందే, మేమైతే ఇప్పుడు పోపు బయట ఆనింగ్ అవతల చిన్న స్టవ్ మీదే పెడతాం. చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి హ్యాండ్‌బ్రేక్ తీసెయ్యండి, నెలలపాటు వేసే ఉంచితే బ్రేకులు పట్టేస్తాయి.

స్విండన్_మామిడి:
అన్నా, అవన్నీ ఒక వారం ఆగి చెయ్యి, ఇంకా మంచు పట్టట్లేదు కదా. అమ్మావాళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నారు, తడి ఆనింగ్ ఎలాగూ ఆరబెట్టాలి, ఇంట్లోంచి కరెంటు లాగి హీటర్ పెట్టి ఒక రాత్రి పిల్లల్ని అమ్మమ్మ తాతయ్యలతో, సారీ నానమ్మ తాతయ్యలతో కారవాన్లోనే పడుకోనివ్వు. మా అమ్మ వెళ్ళిపోయే ముందు మేం అలాగే చేశాం, ఇప్పటికీ ఫోన్లో అదే అడుగుతుంది, ఆ బండి ఉందా అని.

రీడింగ్_తెనాలి:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న ఎండ వచ్చింది, ఆనింగ్ గార్డెన్లో వేసి ఆరబెట్టాం. రాత్రి నలుగురూ కారవాన్లోనే పడుకున్నారు, చిన్నోడు తాతయ్య పక్కన. పొద్దున్నే అమ్మకి సారీ చెప్పాను, "ఎప్పుడురా అరిచావు, నాకు గుర్తే లేదు" అంది. గురువారం వాళ్ళని హీత్రూలో దింపొచ్చాక నీళ్ళు తీసేస్తాను. అక్కా, హీటర్ డ్రెయిన్ వాల్వ్ మంచం కింద పసుపు రంగులో ఒకటి కనిపిస్తోంది, అదేనా?

లీడ్స్_అక్క:
మాది కూడా అలాంటిదే, పసుపుదే. అయినా మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్లో బొమ్మ చూసుకుని పైకెత్తు. ముందు హీటర్ ఆపి నీళ్ళు చల్లారనివ్వు, లేకపోతే కింద బాగా వేడి నీళ్ళు పడతాయి.