అద్దె ఇంటికి బ్రోకర్ కమిషన్ ఎవరివ్వాలి: ఓనరా, దిగేవాళ్లా?

టూలెట్ ప్రశ్న:
హైదరాబాద్‌లో అద్దెకి దిగేవాళ్ల దగ్గర పదిహేను రోజుల అద్దె నుంచి నెల అద్దె దాకా కమిషన్ తీసుకోవడం రివాజైపోయింది. ఇల్లు ఓనర్‌ది. మనిషిని చూసిపెట్టమని బ్రోకర్‌కి చెప్పేదీ ఓనరే. డబ్బులు మాత్రం దిగేవాళ్లు కట్టాలి. చాలా డీల్స్‌లో రెండు వైపులా తీసుకుంటారు, ఆ సంగతి ఒకవైపు వాళ్లకి తెలియనే తెలియదు.

25,000 అద్దె ఉన్న టూ బీహెచ్‌కే లెక్క చూడండి. రెండు నెలల అడ్వాన్స్ 50,000, మొదటి నెల అద్దె 25,000, కమిషన్ 25,000, మెయింటెనెన్స్ 3,000. సామాను బండి ఎక్కకముందే 1,03,000. అడ్వాన్స్ వెనక్కొస్తుంది, అద్దెకి నెల రోజుల గూడు ఉంది. కమిషన్ అలా పోయిందంటే పోయినట్టే. నా వాదన ఒక్కటే: బ్రోకర్‌ని ఎవరు పిలిచారో వాళ్లే ఇవ్వాలి. ఒప్పుకోనివాళ్లు కారణం చెప్పండి. "ఇష్టం లేకపోతే తీసుకోకు" అనేది కారణం కాదు.

నిజాంపేట్ ఏజెంట్:
మా వైపు మాట గూడ వినాలె. నెల కిరాయి మొత్తం మా జేబుల పడ్తదనుకుంటున్నరు. ఖాళీ అయితున్న ఫ్లాట్ సంగతి ముందు తెల్సేది వాచ్‌మన్‌కి, తాళం గూడ ఆయన కాడనే ఉంటది. ఆయన వాటా ఆయనకియ్యాలె. పోర్టల్‌ల పెట్టిన పైసలు, పెట్రోల్ గూడ అందుల్నుంచే పోవాలె. రెండో ఏజెంట్ కాడ్నుంచి ఇల్లు దొరికితే కమిషన్ల సగం ఆయనకే. పదిమందికి చూపిస్తే ఒక్కడు ఖాయం చేస్తడు, మిగిలిన తొమ్మిది మందికి తిరిగిన దానికి ఎవ్వరూ ఏమియ్యరు.

ఓనర్ని అడగమంటున్నరు. ఓనర్ ఏమంటడు? "ఐటీ కంపెనీలకి దగ్గర ఇల్లు, బోర్డు పెడితే సాయంత్రానికి పోతది, నేనెందుకియ్యాలె" అంటడు. శివార్ల కొత్త అపార్ట్‌మెంట్ల ఫ్లాట్లు ఖాళీగా ఉన్నయనుకో, అదే ఓనర్ తానే ఫోన్ చేసి ఇస్తనంటడు. ఎవనికి తొందర ఎక్కువుంటే వాడే ఇస్తున్నడు. ఇది మేం పెట్టిన రూల్ కాదు.

రెండు ఫ్లాట్ల ఓనర్:
ఓనర్ ఇవ్వాలన్నవాళ్లు తర్వాత ఏమవుతుందో కూడా ఆలోచించండి. నేను 25,000 కమిషన్ ఇస్తే దాన్ని అగ్రిమెంట్ ఉండే 11 నెలల మీద పరిచి అద్దెలో కలుపుతాను. నెలకి 2,270 చిల్లర. ఏడాదిలో ఖాళీ చేసేవాళ్లకి తేడా లేదు. మూడేళ్లు ఉండేవాళ్లకి మాత్రం ఆ పెరిగిన అద్దె అలాగే నిలిచిపోతుంది, పైగా ఏటా 5 శాతమో 10 శాతమో పెంపు దాని మీదే పడుతుంది. ఒక్కసారి కట్టి వదిలించుకునేదాన్ని ప్రతి నెలా కడతారు. స్థిరంగా ఉండే కుటుంబాలకి ఇప్పటి పద్ధతే చవక.

లెక్కలో తేలాలి:
ఓనర్ గారూ, కూడిక సరిగ్గానే ఉంది, కానీ ఆ అద్దెకి మనిషి దొరుకుతాడన్నది మీరు ముందే ఒప్పేసుకున్నారు. పక్క ఫ్లాట్ 25,000కి ఉంటే మీ 27,300కి ఎవరొస్తారు? ఒక్క నెల ఖాళీగా ఉంటే 25,000 అద్దె పోతుంది, 3,000 మెయింటెనెన్స్ మీ చేతినుంచి పడుతుంది. కమిషన్ రాబట్టుకోవడానికి దానికంటే ఎక్కువ పోగొట్టుకునే ఓనర్లు తక్కువ. గిరాకీ బాగా ఉన్న చోట కొంత అద్దెలోకి చేరుతుంది, కాదనను. మొత్తం మాత్రం చేరదు.

ఇంతకంటే పెద్ద విషయం ఒకటి ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు అద్దెదారు మారిన ప్రతిసారీ ఓనర్‌కి కమిషన్ ఖర్చు సున్నా. పెయింటింగ్ పేరుతో పాత అద్దెదారు అడ్వాన్స్‌లోంచి నెల అద్దె పట్టుకుంటారు కాబట్టి ఆ ఖర్చూ సున్నా. ఉన్నవాళ్లు 10 శాతం పెంపుకి ఒప్పుకోకపోతే "ఖాళీ చేయండి" అనడానికి ఓనర్‌కి ఇబ్బందే లేదు. బ్రోకర్‌కీ 11 నెలలకోసారి మనిషి మారితేనే సంపాదన. ముగ్గురిలో ఇద్దరికి మార్పు లాభం, ఖర్చంతా మూడోవాడిది. కమిషన్ ఓనర్ మీద పడితే నెలకి వెయ్యి ఎక్కువ కోసం మంచి అద్దెదారుని పంపించే ముందు ఓనర్ లెక్క చూసుకుంటాడు. నేను ఓనరే ఇవ్వాలనడానికి ఇదే అసలు కారణం, న్యాయం అన్యాయం తర్వాత సంగతి.

సెక్షన్ 219:
చట్టం ఏమంటుందో కూడా ఒకసారి చూద్దాం.

తెలంగాణలో అద్దె బ్రోకర్ కమిషన్ ఇంతకు మించకూడదని గీత గీసిన చట్టం లేదు. రెరాకి (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకి) ఫిర్యాదు చేస్తామని చాలామంది అంటారు. 2016 రెరా చట్టంలో ఏజెంటు రిజిస్ట్రేషన్ నమోదైన ప్రాజెక్టుల్లో అమ్మకాలు కొనుగోళ్లకి సంబంధించింది, మామూలు అద్దె డీల్ అందులోకి రాదు. బ్రోకర్ తన రెరా నంబర్ చూపించినా అద్దె విషయంలో దాని వల్ల మీకొచ్చే రక్షణ లేదు.

మిగిలింది 1872 కాంట్రాక్టు చట్టం. దాని 219వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే అప్పగించిన పని పూర్తయ్యేదాకా ఏజెంటుకి ప్రతిఫలం బాకీ పడదు. అంటే ఇల్లు చూపించగానే కమిషన్ రాదు, టోకెన్ ఇవ్వగానే రాదు. "వేరే ఒప్పందం లేకపోతే" అన్నచోటే జనం ఇరుక్కుంటారు. "ఫ్లాట్ ఖాయం అయితే ఒక నెల బ్రోకరేజ్, నాన్ రిఫండబుల్" అని బ్రోకర్ వాట్సాప్‌లో పెడితే మనం "ఓకే సర్" అని కొడతాం. ఆ రెండు ముక్కలనే ఒప్పందమని చూపిస్తారు. "అగ్రిమెంట్ మీద ఓనర్ సంతకం అయి, తాళం చేతికొచ్చాక చెల్లిస్తాను" అని జవాబివ్వండి.

రెండు వైపులా కమిషన్ తీసుకోవడం దానికదే తప్పు కాదు. దాచిపెట్టి తీసుకోవడమే తప్పు. "ఓనర్ దగ్గర కూడా తీసుకుంటున్నారా?" అని రాతపూర్వకంగా అడగండి. అవునంటే సగానికి బేరమాడే హక్కు మీకొచ్చినట్టే.

జీఎస్టీ సంగతి: 25,000 మీద 18 శాతమంటే 4,500. రిజిస్టర్ కాని బ్రోకర్ పన్ను పేరుతో రూపాయి కూడా వసూలు చేయకూడదు. ఇన్వాయిస్ అడిగి, 15 అక్షరాల జీఎస్టీ నంబర్ని జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూడండి. పేరు కలవకపోతే ఆ 4,500 ఇవ్వక్కర్లేదు.

విదేశీ పోలిక:
"పిలిచినవాడే కట్టాలి" అన్నది గాల్లో మాట కాదు. జర్మనీలో 2015 జూన్ నుంచి అద్దె ఇళ్లకి ఇదే చట్టం. న్యూయార్క్ నగరంలో 2025 జూన్ నుంచి, ఓనర్ పెట్టుకున్న బ్రోకర్ అద్దెదారు దగ్గర ఫీజు తీసుకోకూడదు.

రెండు ఫ్లాట్ల ఓనర్:
జర్మనీలో అదే ఏడాది ఇంకో నియమం కూడా వచ్చింది. ఇళ్ల కొరత ఉన్న నగరాల్లో కొత్త అద్దె స్థానిక అద్దెల స్థాయికంటే 10 శాతం మించకూడదు. కమిషన్‌ని అద్దెలో కలిపే దారిని కూడా మూశారన్నమాట. మన దగ్గర రెండోది లేకుండా మొదటిది ఒక్కటే తెస్తే నేను చెప్పిందే జరుగుతుంది.

లెక్కలో తేలాలి:
ఈ పాయింట్ బలమైనదే. మన కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో కూడా అద్దె మొత్తం మీద పరిమితి లేదు, అది ఇరుపక్షాలు మాట్లాడుకోవాల్సిందే. ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలలు మించకూడదని మాత్రం ఉంది. అదీ రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది.

కిరాయిదారు గైడ్:
చట్టం వచ్చేదాకా ఎవరూ ఇల్లు మారకుండా ఆగరు కాబట్టి, కమిషన్ ఇవ్వక తప్పనప్పుడు దేనికి ఇస్తున్నామో చూద్దాం. నా ఉద్దేశంలో మొత్తం ఒకేసారి ఇవ్వడమే సగం సమస్య. తాళం చేతికొచ్చిన రోజు 60 శాతం, 30 రోజులకి మిగిలిన 40 శాతం అని ముందే మాట్లాడుకోండి. ఈ నెల రోజుల్లోనే అసలు రంగు బయటపడుతుంది: రాత్రి పదింటికి బోరు ఆపేయడం, పాత కరెంటు బకాయి, అసోసియేషన్ వాళ్లు సామాను లిఫ్టులో ఎక్కించడానికి అడిగే మూవ్-ఇన్ చార్జీ, "కార్ పార్కింగ్ ఉంది" అన్నది తీరా చూస్తే ఇంకొకరి స్లాటు కావడం.

ఇల్లు చూసేటప్పుడు పొద్దున ఏడు, ఎనిమిది మధ్య వెళ్లండి. అందరూ స్నానాలు చేసే టైమది, పై అంతస్తులో నీళ్ల ఒత్తిడి అప్పుడే తెలుస్తుంది. బ్రోకర్లు పొద్దున పదకొండు తర్వాత పిలుస్తారు, అప్పుడు ట్యాంకు నిండుగా, రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఒక్క గోడకే కొత్త పెయింటు ఉంటే అరచెయ్యి ఆనించి చూడండి, మిగతా గోడలకంటే చల్లగా తగిలితే లోపల చెమ్మ ఉండొచ్చు. కబోర్డు వెనక పలక అంచులు ఉబ్బి ఉన్నాయేమో చూడండి. ఫ్లష్ రెండుసార్లు వెంటవెంటనే కొట్టండి. రెండోసారి ట్యాంకు నిండడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే నీళ్ల లైను సంగతి తెలిసిపోతుంది. మొదట రెండు పాడు ఇళ్లు చూపించి మూడోది చూపించడం పాత కిటుకు. "సాయంత్రం ఇంకో పార్టీ టోకెన్ ఇస్తోంది" అన్న మాటకి లొంగకండి.

కాగితాలు: కరెంటు బిల్లు మీదున్న యూఎస్‌సీ నంబర్‌తో బకాయి, నీటి బిల్లు మీదున్న క్యాన్ నంబర్‌తో నీళ్ల బకాయి ఆన్‌లైన్లో చూడొచ్చు. ఆస్తి పన్ను పీటిన్ నంబర్ అడిగి ఓనర్ పేరు సరిపోల్చండి. ఆ నంబర్లు ఇవ్వడానికి నసిగితే అక్కడే ఆగిపోండి.

టోకెన్ బ్రోకర్ ఖాతాకి వద్దు. ఓనర్ యూపీఐకే పంపండి, పంపే ముందు తెరమీద కనిపించే పేరు పన్ను రసీదు మీద పేరుతో కలవాలి. "ఓనర్ అమెరికాలో ఉన్నారు, నాకే వేయండి" అంటే ఓనర్‌తో వీడియో కాల్, ఆయన రాసిచ్చిన అధికార పత్రం రెండూ కావాలి.

నిజాంపేట్ ఏజెంట్:
60–40 మంచిగనే ఉంది గానీ ఆ 40 ఎట్ల వసూలు చెయ్యాలె? లోపలికి పోయినంక ఫోన్ ఎత్తరు. పేరున్న సొసైటీల కొత్త కిరాయిదారు 40 శాతం ఎగ్గొడితే మేం ఎవరికి చెప్పుకోవాలె? పైగా గీజర్ పని చేస్తలేదు, కుక్కలు మొరుగుతున్నయని అర్ధరాత్రి ఫోన్లు. అది ఓనర్ పని, మాది కాదు.

కిరాయిదారు గైడ్:
ఈ భయం న్యాయమైనదే. అందుకే షరతు స్పష్టంగా ఉండాలి. ఆ 40 శాతం ఆగేది నాలుగే నాలుగు కారణాలకి: పాత బకాయి బయటపడటం, చెప్పిన పార్కింగ్ లేకపోవడం, ఓనర్ కాని మనిషి సంతకం పెట్టడం, చెప్పిన నీటి సరఫరా లేకపోవడం. గీజర్, కుక్కలు ఇందులో లేవు. 30 రోజుల తర్వాత తేదీ వేసి రాసుకుంటే అది మామూలు బాకీ అవుతుంది, అప్పుడు వసూలు చేసుకోవడానికి కాగితం మీ చేతిలోనే ఉంటుంది.

గేట్ పాస్:
కమిషన్ చర్చలో మోసాలు మునిగిపోకూడదు. రెండు రకాలు ఎక్కువ. మొదటిది: పోర్టల్లో మార్కెట్ కంటే బాగా తక్కువ అద్దెకి ఫోటోలు, ఓనర్ పేరుతో "ఆర్మీలో ఉన్నా, ట్రాన్స్‌ఫర్ అయ్యింది, ఇల్లు చూడాలంటే గేట్ పాస్‌కి కొంత పంపు, తిరిగొచ్చేస్తుంది" అని. తిరిగి పంపుతానని క్యూఆర్ కోడ్ పంపిస్తాడు. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు, కొడితే పోయేది మీ డబ్బే. పోయిందనుకున్న వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైనకొద్దీ సొమ్ము వేరే ఖాతాల్లోకి జారిపోతుంది.

రెండోది ఇంకా ప్రమాదం: నెలనెలా అద్దె లేకుండా లక్షల్లో "లీజు". మధ్యవర్తి ఓనర్ దగ్గర నెల అద్దెకి ఇల్లు తీసుకుని, మీ దగ్గర పెద్ద మొత్తం కట్టించుకుంటాడు. కొన్ని నెలలు ఓనర్‌కి అద్దె కట్టి మాయమవుతాడు. ఓనర్ వచ్చి ఖాళీ చేయమన్నప్పుడు మీ కాగితం మీద ఆయన సంతకమే ఉండదు. లీజైతే ఓనర్‌తో నేరుగా, రిజిస్టర్ చేయించుకునే చేయండి.

టూలెట్ ప్రశ్న:
బాగా ఉపయోగపడింది. ఇంకో ప్రశ్న: 11 నెలలు అయ్యాక అగ్రిమెంట్ కొత్తది రాయించినందుకు కొందరు బ్రోకర్లు మళ్లీ సగం నెల అడుగుతున్నారు. ఇవ్వాలా? ఇంకా, పెయింటింగ్‌కి నెల అద్దె పట్టుకోవడం మాటేమిటి?

సెక్షన్ 219:
రెన్యూవల్‌కి మొదటి రోజు ఒప్పుకుని ఉంటే తప్ప ఇవ్వక్కర్లేదు. బ్రోకర్ కొత్తగా మనిషిని తేలేదు, ఇల్లు చూపించలేదు. 11 నెలలు అన్నది కూడా ఇల్లు మారాలనే గడువు కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం మూలంలో ఏడాది మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి అలా రాయడం అలవాటైంది; నిజానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999 సవరణ ప్రకారం మన దగ్గర అంతకంటే చిన్న లీజు పత్రానికీ రిజిస్ట్రేషన్ కావాలి. కొత్త అగ్రిమెంట్‌ని బ్రోకర్ లేకుండా మీరూ ఓనరూ నేరుగా రాసుకోవచ్చు. నోటరీ అంటే రిజిస్ట్రేషన్ అనుకోకండి, రెండూ వేరు.

పెయింటింగ్: 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకి అద్దెదారు బాధ్యుడు కాడు. నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూల్లో గోడల సున్నం, తలుపులు కిటికీల పెయింటింగ్ ఓనర్ ఖాతాలోనే ఉన్నాయి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు అద్దెదారువి. కానీ మన అగ్రిమెంట్లలో "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె" అని అచ్చు వేసే ఉంటుంది, సంతకం పెట్టాక దాని మీద వాదన కష్టం. సంతకానికి ముందే ఆ వాక్యం కొట్టేయించి, "మామూలు అరుగుదల మినహా అద్దెదారు చేసిన నష్టానికి, బిల్లు చూపి, అసలు ఖర్చు మేరకు" అని రాయించండి. దిగిన రోజే ప్రతి గోడకీ, కరెంటు మీటరు రీడింగుకీ ఫోటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి. తేదీ అందులోనే పడుతుంది.

రెండు ఫ్లాట్ల ఓనర్:
ఆ వాక్యం అలా రాయమంటే నేనైతే ఒప్పుకుంటాను. కమిషన్ విషయంలో మాత్రం నా మాట మార్చుకోలేదు. సగం సగం దాకా వస్తాను.