యూకేజీలో పుట్టినరోజు చాక్లెట్లు మాన్పించడం ఎలా?

మా పాపకి 5 ఏళ్ల 2 నెలలు. ఎత్తు 108 సెం.మీ., బరువు 25 కిలోలు. వయసుకి బాగా ఎక్కువని డాక్టరు గారు చెప్పారు. జూన్ నుంచి ఇంట్లో బిస్కెట్లు, జ్యూస్ ప్యాకెట్లు మానేశాం, రోజూ గంటసేపు పార్కుకి తీసుకెళ్తున్నాం. అయినా నాలుగు నెలల్లో కిలోన్నర పెరిగింది.

క్లాసులో 32 మంది. నెలకి రెండు మూడు పుట్టినరోజులు, ప్రతిసారీ కేకు, చిప్స్. పద్యం అప్పజెప్పినా చాక్లెట్టే బహుమతి! ఆటల పీరియడ్ వారానికి రెండుసార్లు, 20 నిమిషాలే.

టీచర్‌తో రెండుసార్లు మాట్లాడాను. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడిలో అమ్మకూడదన్న ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2020 నిబంధనలు ప్రిన్సిపాల్ గారికి చూపించాను. "మేం అమ్మట్లేదు కదమ్మా, పేరెంట్సే పంపుతున్నారు" అన్నారు. పాపని ఒక్కదాన్నే తినొద్దంటే అందరి ముందు చిన్నబుచ్చుకుంటుంది.

మీ పిల్లల బడిలో ఈ అలవాటు మాన్పించినవాళ్లు ఉంటే, యాజమాన్యాన్ని ఎలా ఒప్పించారో చెప్తారా?